పాలిష్ అంటే అరగదీయడమే

కారు రంగుకు మెరుగు తెచ్చే యంత్రాలను, సరుకులను కొనేవారు మొట్టమొదట గ్రహించవలసింది ఏమిటంటే, పాలిష్ ఆ రంగుకు కొత్తగా దేనినీ చేర్చదు, ఉన్న పూతనే కొంత అరగదీసి చదును చేస్తుంది. ఇది తెలియకపోవడం వల్లనే చాలామంది దసరా వాహనపూజకు ముందో, ఇంట్లో పెళ్లికి ముందో ఏటా ఒకసారి యంత్రంతో రుద్దే బఫింగ్ చేయించి, కారుకు మేలు చేశామన్న తృప్తితో ఉంటారు. ఆ మెరుపు కోసం పూతలో ఎంత భాగం పోయిందో వారికి ఎవరూ చెప్పరు, కొలిచి చూపే దుకాణాలు కూడా తక్కువే.

నేటి కార్ల ఉక్కు రేకుకు ఫ్యాక్టరీలో ముందుగా తుప్పును ఆపే పొరను విద్యుత్తు సాయంతో పట్టిస్తారు. దాని మీద ప్రైమర్, ప్రైమర్ మీద రంగు, అన్నింటికీ పైన క్లియర్‌కోట్ అనే రంగులేని పారదర్శకమైన పొర వస్తాయి. ఇవన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లకు మించదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్‌కోట్ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మనిషి తలవెంట్రుక మందం కన్నా తక్కువ. కంటికి కనిపించే నిగనిగ అంతా ఈ పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని కింది రంగును కాపాడే రసాయనాలు ఉండేదీ ప్రధానంగా ఇందులోనే. కాంపౌండ్ అనే గరుకైన పాలిష్‌తో ఒకసారి గట్టిగా బఫింగ్ చేస్తే రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు. అదే పని ఏటా జరిగితే టాప్, బానెట్ వంటి ఎండ నేరుగా పడే భాగాల్లో క్లియర్‌కోట్ పలచబడి, తెల్లగా పాలిపోయి, చివరకు పొట్టులా లేస్తుంది. ఆ దశకు వచ్చాక ఏ పాలిష్ పనికిరాదు, ఆ భాగానికి మళ్లీ రంగు వేయించడమే మార్గం.

పాత అంబాసిడర్ వంటి కార్ల విషయం వేరు. వాటి పాతకాలపు పూతలో పై పారదర్శక పొర ఉండేది కాదు, అందువల్ల రుద్దిన గుడ్డకు కారు రంగే అంటుకొనేది. వెలిసిపోయిన పై రంగును రబ్బింగ్ కాంపౌండ్‌తో తీసేస్తే కింద తాజా రంగు బయటపడేది. షెడ్లలో ఇప్పటికీ కనిపించే గట్టిగా రుద్దే అలవాటుకు ఆ పూతల మీద అర్థం ఉండేది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా ఆ అలవాటు మాత్రం కొత్త కార్ల మీద కొనసాగుతోంది.

పాలిష్ అవసరాన్ని తెచ్చిపెట్టేది ఎక్కువగా రోజువారీ తుడుపే. దుమ్ము పట్టిన కారును పొద్దున్నే పొడిగుడ్డతోనో, ఒకే బకెట్ నీళ్లలో పదేపదే ముంచిన పాతగుడ్డతోనో తుడిచినప్పుడు, ఆ దుమ్ములోని ఇసుక రేణువులు క్లియర్‌కోట్‌ను సన్నగా గీస్తాయి. ఎండలో లేదా వీధిదీపం కింద సాలెగూడులా కనిపించే గీతలు ఇవే. నిజానికి ఆ గీతలు అన్ని దిశల్లోనూ ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరవడం వల్ల దీపం చుట్టూ వలయాలుగా భ్రమ కలుగుతుంది. కాబట్టి పాలిషింగ్ యంత్రం కన్నా ముందు కడిగే సామగ్రిని సరిగ్గా అమర్చుకోవడం వివేకం. ఈ సామగ్రికి అయ్యే ఖర్చు తక్కువ, ఫలితం మాత్రం అన్నింటికన్నా ఎక్కువ.

ఆ సామగ్రిలో నీటిని కూడా లెక్కించాలి. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, మరో వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మన బోరునీళ్లు చాలాచోట్ల ఈ పరిధిలో పైఅంచు వైపే ఉంటాయి. అలాంటి నీరు వేడెక్కిన బానెట్ మీద ఆరితే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని మచ్చలుగా మిగులుతాయి, అశ్రద్ధ చేస్తే పూతలోకి దిగుతాయి. నీడలో కడగడం, ఆరకముందే తుడవడం దీనికి సులువైన మందు. షాంపూ కలిపిన నీళ్లకు ఒక బకెట్, తుడిచిన గ్లవ్‌ను జాడించడానికి మరొక బకెట్ పెట్టుకొంటే దుమ్ము మళ్లీ కారు మీదికి రాదు. షాంపూ ఆమ్లం గానీ క్షారం గానీ కాని తటస్థ రకమై ఉండాలి. గిన్నెలు తోమే లిక్విడ్ జిడ్డుతోపాటు కారు మీది మైనాన్నీ తీసేస్తుంది. నీటి ఎద్దడి ఉన్నచోట, కడిగాక మళ్లీ నీళ్లు పోయనవసరం లేని రిన్స్‌లెస్ వాష్ ద్రావణాలు ఒక్క బకెట్‌తో పని ముగిస్తాయి, కాకపోతే బురద పేరుకొన్న కారుకు ఇవి తగవు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. ఆ పరిస్థితి ఇతర నగరాలకు రాదన్న భరోసా లేదు.

తుడిచే గుడ్డ విషయంలో రాజీ పడకూడదు. పాలిస్టర్, పాలీఅమైడ్ దారాలను చీల్చి నేసే మైక్రోఫైబర్ గుడ్డ దుమ్మును తన పోగుల్లోకి లాక్కొంటుంది. వీటిని చదరపు మీటరు బరువును బట్టి, అంటే జీఎస్‌ఎం అంకెను బట్టి అమ్ముతారు. పాలిష్ తుడవడానికి 300 నుంచి 400 మధ్య ఉన్నవి, నీరు ఆర్చడానికి అంతకన్నా దట్టమైనవి తీసుకోవాలి. చక్రాలకు వాడినదాన్ని బానెట్‌కు వాడకూడదు, నేల మీద పడినదాన్ని ఉతకకుండా మళ్లీ ముట్టుకోకూడదు, ఉతికేటప్పుడు పోగులను మూసివేసే ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ కలపకూడదు.

కడిగాక కూడా పూతకు అంటుకొనే ఉండే మురికి ఒకటుంది. చేతికి పలచని ప్లాస్టిక్ సంచి తొడుక్కొని బానెట్ మీద నిమిరితే, కంటికి కనిపించని ఆ గరుకు వేళ్లకు తెలుస్తుంది. బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను, రైలుపట్టాల పక్కన లేచే ధూళి, విశాఖ ఓడరేవు పరిసరాల్లో వాలే ఖనిజపు, బొగ్గు ధూళి ఈ కోవలోనివి. ఇనుప రజను మీద ఐరన్ రిమూవర్ చల్లితే అది ఊదారంగుకు మారి కారిపోతుంది. మిగిలినదాన్ని క్లే బార్ అనే మెత్తని బంకముద్దతో, జారుడు ద్రవం చల్లుతూ, ఏమాత్రం ఒత్తిడి లేకుండా లాగాలి. ఈ పని చేయకుండా యంత్రం పెడితే ఆ రజనే పాలిషింగ్ ప్యాడ్ కింద నలిగి కొత్త గీతలు పెడుతుంది.

యంత్రాల్లో ప్రధానంగా రెండు జాతులున్నాయి. రోటరీ యంత్రం ప్యాడ్‌ను ఒకే ఇరుసు మీద గిరగిర తిప్పుతుంది. కోత వేగంగా జరుగుతుంది, కానీ వేడి ఒకేచోట పుడుతుంది, చేయి ఒక్క క్షణం ఆగితే పూత మాడుతుంది. డ్యూయల్ యాక్షన్ యంత్రంలో ప్యాడ్ తిరుగుతూనే చిన్న కక్ష్యలో ఊగుతుంది. ఆ కక్ష్య వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు: 8, 15, 21 అనే అంకెలు మార్కెట్లో తరచూ వినిపిస్తాయి. కక్ష్య పెద్దదైతే చదునైన పెద్ద భాగాలకు సౌకర్యం, చిన్నదైతే వంపులకు, ఇరుకులకు అనుకూలం. రోటరీ మీద చేయి తిరిగినవారు తప్ప మిగిలినవారందరూ వేగాన్ని మార్చుకొనే వీలున్న డ్యూయల్ యాక్షన్‌నే ఎంచుకోవాలి, మొదటి కొనుగోలుకు 15 మిల్లీమీటర్లది సరిపోతుంది. ఖర్చు తగ్గుతుందని యాంగిల్ గ్రైండర్‌కే ప్యాడ్ బిగించే పద్ధతిని మాత్రం ఎవరూ అనుకరించకూడదు. చిన్న గ్రైండర్లు నిమిషానికి 10,000 చుట్ల పైనే తిరుగుతాయి. రోటరీ పాలిషర్‌కు 3,000 చుట్లు కూడా గరిష్ఠ స్థాయి కిందే లెక్క.

కొనుగోలుదారు యంత్రం గురించి ఎంతో విచారించి ప్యాడ్ల దగ్గర అశ్రద్ధ చేయడం తరచుగా జరుగుతుంది. ఊలు ప్యాడ్ ఎక్కువగా కోస్తుంది, మైక్రోఫైబర్ ప్యాడ్ దాదాపు అంతే కోస్తుంది, నురగ ప్యాడ్లలో గట్టివి కోతకు, మెత్తనివి తుది మెరుగుకు ఉంటాయి. రంగును చూసి ప్యాడ్ గుణాన్ని ఊహించరాదు, ఒక కంపెనీ నారింజరంగు ప్యాడ్‌కూ మరో కంపెనీ నారింజరంగు ప్యాడ్‌కూ పొంతన ఉండదు. అరిగిన పూత, ఎండిన పాలిష్ చేరి ప్యాడ్ త్వరగా మూసుకుపోతుంది కాబట్టి, ఖరీదైన యంత్రానికి రెండు ప్యాడ్లు కొనేకన్నా మధ్యరకం యంత్రానికి అరడజను ప్యాడ్లు కొనడం మంచిది.

కాంపౌండ్లలో, పాలిష్‌లలో కోసేది చాలావరకు అల్యూమినియం ఆక్సైడ్ పొడి. కొన్నింటిలో ఆ రేణువులు రాపిడికి నలిగి సన్నబడతాయి, కొన్నింటిలో చివరిదాకా ఒకే పరిమాణంలో ఉంటాయి. ఏ రకమైనా పాటించవలసిన సూత్రం మారదు: అన్నింటికన్నా మెత్తని ప్యాడ్‌తో, సన్నని పాలిష్‌తో మొదలుపెట్టి, గీతలు పోకపోతేనే ఒక మెట్టు పైకి వెళ్లాలి. ఇందుకు బానెట్ మీద రెండడుగుల చదరంలో ముందుగా పరీక్షించాలి. ప్యాడ్ మీద శనగగింజంత బొట్లు నాలుగు పెట్టి, తక్కువ వేగంతో పులిమి, తర్వాత వేగం పెంచి, ఒక వరుస సగం మరో వరుస మీదికి వచ్చేలా నెమ్మదిగా నడపాలి. రేకు అంచుల దగ్గర, మడతల మీద పూత పలచగా ఉంటుంది కనుక అక్కడ మాస్కింగ్ టేప్ అంటించాలి. ప్లాస్టిక్ బంపర్‌లో వేడి త్వరగా వ్యాపించదు కాబట్టి దాని మీద ఎక్కువసేపు నిలవకూడదు. పని అయ్యాక నీటితో పలచన చేసిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఎల్ఈడీ దీపాన్ని ఏటవాలుగా పట్టి చూడాలి. ఈ తుడుపు లేకపోతే పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి వాటిని దాచేస్తాయి, షాపు ముందు అద్దంలా మెరిసిన కారు రెండు కడుగుళ్ల తర్వాత మళ్లీ పాత గీతలతో కనిపించడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

మెరుగు తేలిన పూతకు రక్షణ ఇచ్చే సరుకులు వేరు, వాటి అమ్మకాల్లోనే అతిశయోక్తి ఎక్కువ. ఈశాన్య బ్రెజిల్‌లోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే కార్నూబా మైనం చక్కని నిగారింపునిస్తుంది, కానీ మన వేసవిలో కొన్ని వారాలకే తరిగిపోతుంది. కృత్రిమ పాలిమర్లతో చేసే సీలెంట్ కొన్ని నెలలు నిలుస్తుంది. సిలికా ఆధారిత సిరామిక్ కోటింగ్ సక్రమంగా వేస్తే సంవత్సరాలు ఉంటుంది, నీరు, మురికి నిలవకుండా చేస్తుంది. అయితే దాని మందం మైక్రాన్లలోనే కనుక అది గీతలు పడనివ్వదన్న మాట నమ్మదగింది కాదు. ప్రకటనల్లోని 9హెచ్ అనేది పెన్సిల్ ములికితో గీసి చూసే పరీక్షలోని అంకె. దానికీ, ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలులో వజ్రానికి పక్కన ఉండే 9కీ సంబంధం లేదు. షోరూముల్లో టెఫ్లాన్ పేరుతో అమ్మే పూత మరీ బలహీనమైన బేరం. టెఫ్లాన్ కరగడానికే సుమారు 327 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, దాన్ని మరో తలానికి పట్టించడానికి ఆ స్థాయి వేడి తప్పదు. కారు రంగు ఆ వేడికి తట్టుకోదు. రాళ్ల దెబ్బల నుంచి నిజంగా కాపాడేది 150 నుంచి 200 మైక్రాన్ల మందం గల పాలీయురేథేన్ ఫిల్మ్, దాని ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

చక్రాలు కడిగే కొన్ని ద్రావణాల్లో ఫ్లోరైడ్ ఆమ్లలవణాలు ఉంటాయి. అవి చర్మం గుండా లోపలికి చేరి తీవ్రమైన హాని చేయగలవు, అయినా వాటిని గ్లవ్స్ లేకుండా వాడే కుర్రవాళ్లు సర్వీసింగ్ సెంటర్లలో కనిపిస్తారు. అలాంటి సరుకును కొనకపోవడం, కొన్న యజమాని గ్లవ్స్, కళ్లజోడు, మాస్క్ ఇవ్వడం కనీస ధర్మం.

బయట పని చేయించుకొనేవారు ముందుగా అడగవలసింది పూత మందాన్ని కొలిచే గేజ్. అది ఉక్కు, అల్యూమినియం రేకుల మీద పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపర్ మీద సాధారణ రకాలు పనిచేయవు. క్లియర్‌కోట్‌ను విడిగా కాక మొత్తం మందాన్నే చూపినా, బఫింగ్‌కు ముందు, తర్వాత అంకెల తేడా ఎంత పూత పోయిందో చెబుతుంది. ఒక తలుపు దగ్గర అంకె 250 దాటితే అక్కడ మళ్లీ రంగు వేశారనో, లప్పం పెట్టారనో అనుమానించవచ్చు, సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇదొక మంచి పరీక్ష. కారు తాళం చేతికిచ్చే ముందు ప్రతి భాగం దగ్గరా ఆ అంకెలను కాగితం మీద రాయించుకోవాలి, రాసివ్వడానికి ఒప్పుకోని చోట కారు ఇవ్వకూడదు.