సైబర్ లాయరు కోసం ఫోన్లో వెతక్కండి

మన బుచ్చయ్యపేట, చోడవరం కుర్రోళ్ళు బేంకులో డబ్బు పోతే మొదట చేసే పని ఏటి? అదే ఫోన్లో "సైబర్ లాయర్" అని కొట్టి వెతకడం. రెండోసారి మునిగేది అక్కడే.

మన దేశంలో ప్లీడర్లు ప్రకటనలు వేసుకోకూడదు. బార్ కౌన్సిల్ 36వ రూలు అది. మరి "24 గంటల్లో మీ డబ్బు రప్పిస్తాం, ముందు ఐదు వేలు పంపండి" అని ఫేస్‌బుక్కులో బొమ్మేసినోడు ఎవడు? ప్లీడరయితే రూలు తప్పినోడు. కాకపోతే మొదటి దొంగకి తమ్ముడు.

ప్లీడరు కంటే ముందు 1930కి ఫోను చెయ్యండి. డబ్బు ఇంకో ఖాతాలోకి దూకీకముందే ఆపాలి. తరవాత బేంకుకి రాతపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోండి. మీ తప్పు లేకుండా బయటోడు లాగీసిన డబ్బయితే, బేంకు మెసేజి వచ్చిన మూడు పనిదినాల్లో చెప్తే నష్టం మీమీద పడకూడదని 2017లోనే రిజర్వు బేంకు నియమం పెట్టింది. ఓటీపీ మీరే చెప్పీసుంటే మాత్రం ఈ రక్షణ కష్టం. అయినా, మీరు బేంకుకి చెప్పాక పోయిన డబ్బు బేంకుదే బాధ్యత.

స్టేషన్లో "ఇది విశాఖ సైబర్ వాళ్ళ పని" అని తిప్పీస్తారు. ఐటీ చట్టం కేసు ఇన్‌స్పెక్టరే దర్యాప్తు చెయ్యాలి, నిజమే. కానీ ఫిర్యాదు రాసుకోడానికి అడ్డేటీ లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెప్తోంది. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపాలి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరకి. ప్లీడరు కావల్సింది ఇక్కడ.

దానికి హైదరాబాదు పెద్దాయన అక్కర్లేదు. చోడవరం కోర్టులో క్రిమినల్ కేసులు చూసే ప్లీడరు చాలు. ఆయన్ని ఒక్కటడగండి: "నా స్క్రీన్‌షాట్లకి సాక్ష్య చట్టం 63వ సెక్షను సర్టిఫికెట్టు ఎలగ పెడతారు?" బిక్కమొహం వేస్తే ఇంకొకరి దగ్గరకి వెళ్ళండి. పోస్టు పెట్టినందుకు కేసయితే 66ఏ సంగతి అడగండి. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షనుని కొట్టీసింది. అయినా పోలీసులు వాడుతూనే ఉంటే 2022లో మళ్ళీ చెప్పాల్సొచ్చింది. సెక్షను పోయినా నోటీసులు ఆగలేదు. 2020లో ఎల్జీ పాలిమర్స్ గ్యాసు మీద పోస్టు పెట్టిన గుంటూరు పెద్దావిడకి సీఐడీ నోటీసు ఇచ్చిన సంగతి మర్చిపోయారా?

అసలు అన్యాయం పరిహారం దగ్గర ఉంది. ఐటీ చట్టం కింద 5 కోట్ల వరకూ పరిహారం తేల్చేది రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి. ఆ దావా చోడవరం సివిల్ కోర్టు వినడానికి లేదు, 61వ సెక్షను అడ్డం. చెరుకు బిల్లు నలభై వేలు పోయిన రైతు మూడొందల కిలోమీటర్లు దాటి వెలగపూడి వెళ్ళాలా? అప్పీలుకి ఢిల్లీ ట్రిబ్యునలా? 2000లో ఈ చట్టం రాసినప్పుడు ఊళ్ళో ఫోనుంటుందని ఎవరూ అనుకోలేదు కాబోలు.

ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయం ఎంతున్నా ప్లీడరు ఉచితం, 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను. మిగతావాళ్ళకి ఆదాయం లెక్కుంది. నంబరు 15100. ఈ సాయం కార్యదర్శి ముందు నడిచే కేసుకీ వర్తిస్తుంది. దరఖాస్తులోనే రాయండి: విచారణ అనకాపల్లిలో పెట్టండి, లేదా వీడియోలో వినండి అని.