రక్తంలోనే ఉందంట!



పెళ్ళి సంబంధాల బయోడేటా ఫారంలో ‘ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా?’ అని ఒక గడి పెట్టాలంట. గ్రూపులో చూశాను. ఒకాయన ‘దిగులు రక్తంలోనే ఉంటుంది, సైన్సే చెప్పింది’ అని తేల్చేశారు. సైన్సు ఏం చెప్పిందో చూద్దాం.

లవకుశులు పుట్టిన చోటని చెప్పుకునే ఆవని మనది. సైంటిస్టులు చేసిందీ కవలల లెక్కే. అచ్చం ఒకేలా ఉండే కవలలనూ, మామూలు కవలలనూ పోల్చి చూసిన పరిశోధనలన్నీ కలిపి 2000లో ఒక లెక్క తేల్చారు. డిప్రెషన్ ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడంలో జన్యువుల వాటా సుమారు 37 శాతం. జాస్తి భాగం బతుకుది. ఆ 37 కూడా జనం మొత్తం మీద వేసిన లెక్క. ఫలానా ఇంటి పిల్లకు జబ్బు వచ్చే అవకాశం 37 శాతమని కాదు.

2003లో ‘దిగులు జన్యువు’ దొరికిందని పెద్ద హడావుడి. 2019లో లక్షలమంది వివరాలు పెట్టి చూస్తే అందులో పస లేదని తేలింది. అంతపెద్ద ల్యాబులకు చిక్కనిది మన ఫారంలో గడికి చిక్కుతుందా?

పక్కనే కె.జి.ఎఫ్. ఉంది కదా. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. ముందురోజు ఒంట్లో ఉన్న రక్తమే మర్నాడూ ఉంది. పోయింది జీతం. తరవాత తెల్లారకముందే బెంగుళూరు రైలు పట్టుకునే బతుకు. అలాంటి ఇంట్లో ఒకాయన నోరు మెదపకుండా గోడ చూస్తూ కూర్చుంటే, అది వంశం గుణమా?

ఇంకొక మాట, కోపం తెచ్చుకోకండి. అక్క కూతుర్ని మేనమామకు ఇచ్చేటప్పుడు ఈ రక్తం ఎవరికీ గుర్తురాదు. దగ్గరి రక్తంలో చేసుకుంటే పిల్లలకు కొన్ని పుట్టుకతో వచ్చే జబ్బుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు. దానికి గడి పెట్టమని ఒక్కరూ అడగలేదే!

గడి పెడితే నిజం రాసేదెవరు? మందు వేసుకోవలసిన పిల్లను ‘పెళ్ళయ్యేదాకా డాక్టరు దగ్గరికి వద్దు’ అని ఇంట్లో కూర్చోబెడతారు, అంతే. ఫారంలో గడికి బదులు కింద 14416 వేయండి. టెలి మానస్ నంబరు, సర్కారుది, డబ్బులక్కరలేదు.

మీటింగులో ఓటు పెడితే నా చెయ్యి వద్దనే వైపే లేస్తుంది.