భయమే వారి సరుకు, మౌనమే వారి లాభం



1989 డిసెంబరులో లండను నగరం నుండి సుమారు 20,000 ఫ్లాపీ డిస్కులు తపాలా ద్వారా అనేక దేశాలకు చేరినవి. ఎయిడ్స్ వ్యాధిని గురించిన సమాచారమని వాటి మీద ముద్రించి ఉన్నది. నమ్మి కంప్యూటరులో పెట్టినవారి యంత్రం కొంతకాలం మామూలుగానే నడిచినది. సుమారు 90 సార్లు స్టార్టు చేసిన తరువాత లోపలి ఫైళ్ల పేర్లన్నీ తారుమారైనవి. పనామా దేశంలోని ఒక పోస్టు బాక్సుకు 189 డాలర్లు పంపవలసినదని తెర మీద తాఖీదు వచ్చినది. ఆ కవర్లను సార్టింగు చేసినవారు, ఇంటింటికీ బట్వాడా చేసినవారు మనవంటి తపాలా కార్మికులే. తమ సంచిలో ఏమున్నదో వారికి తెలియదు. కవరు మీది మాట ఒకటి, లోపలి సరుకు మరొకటి.

నేడు ఫ్లాపీ లేదు, పనామా పోస్టు బాక్సూ లేదు. మోసం మాత్రం అదే. పైగా అది ఇప్పుడు రక్షకుని వేషంలో వస్తున్నది.

దృశ్యం అన్ని ఇళ్లలోనూ ఒకటే. పిల్లల చదువు కోసమో, పాసు దరఖాస్తు కోసమో మనం కంప్యూటరు తెరుస్తాము. ఏదో ఒక లింకు నొక్కగానే తెర నిండా ఎర్రని హెచ్చరిక ప్రత్యక్షమవుతుంది. సైరను మోగుతుంది. మీ యంత్రంలో వైరస్‌లు పట్టుబడినవనీ, బ్యాంకు వివరాలు దొంగల పాలవుతున్నవనీ, వెంటనే ఫలానా నెంబరుకు ఫోను చేయవలసినదనీ ఆజ్ఞ. ఫోను చేస్తే అవతల ఎంతో మర్యాదగల గొంతు. తాను పేరుమోసిన కంపెనీ ఇంజనీరునని చెప్పి, దూరం నుండి మన కంప్యూటరును నడపగల ఒక ప్రోగ్రామును మన చేతనే ఎక్కిస్తాడు. విండోస్ ఉన్న ప్రతి యంత్రంలోనూ చిన్నచిన్న పొరపాట్లు నమోదయ్యే చిట్టా ఒకటి ఉంటుంది. అది సర్వసాధారణం. దానిని తెరచి చూపి, ఇవన్నీ వైరస్‌లేనంటాడు. ఆపైన యాంటీవైరస్ పేరుతో కొన్ని వేలు అడుగుతాడు. రోగం లేనివానికి రోగమున్నదని చెప్పి, విషాన్నే మందుగా అమ్మడం ఇదే.

ఇది చిల్లర దొంగల పని అనుకుంటే పొరపాటు. ఇది పెట్టుబడి పెట్టి నడిపే వ్యాపారం. విన్‌ఫిక్సర్, విన్‌యాంటీవైరస్, ఎక్స్‌పి యాంటీవైరస్ వంటి పేర్లతో 10 లక్షలకు పైగా వినియోగదారులను మోసగించిన ముఠాపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో దావా వేసినది. 2012లో అక్కడి న్యాయస్థానం 16 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించవలసినదిగా తీర్పు ఇచ్చినది. మన దేశంలో 2023 అక్టోబరులో సి.బి.ఐ. ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో 76 చోట్ల సోదాలు జరిపినప్పుడు, సాంకేతిక సహాయం పేరిట విదేశీయులను దోచుకుంటున్న కాల్ సెంటర్ల కేసులు కూడా అందులో ఉన్నవి. ఆ ఫోనులో మాట్లాడే గొంతు ఉద్యోగం దొరకని చదువుకున్న యువకునిదే కావచ్చు. లాభం మింగే యజమాని మాత్రం ఎన్నడూ ఫోను ఎత్తడు.

ఇక్కడ కొంత ఆత్మవిమర్శ అవసరం. ఈ వ్యాసం రాస్తున్న నేను కూడా మోసపోయినవాడినే. సార్టింగు కార్యాలయంలో 27 సంవత్సరాలు అడ్రసులు చదివిన కళ్లు, ఒక సాయంత్రం ఆ ఎర్రని తెరను చూసి బెదిరినవి. 4,999 రూపాయలు కట్టాను. రెండవనాడే అనుమానం కలిగినది. అయినా ఎవరికీ చెప్పలేదు. ఇంత అనుభవం ఉండి ఇలా పడ్డాడా అంటారని సిగ్గు. యూనియన్ సమావేశంలో పక్కనే కూర్చున్న సోదరునితో కరువుభత్యం గురించి మాట్లాడాను గాని, ఈ మాట ఎత్తలేదు. తొమ్మిదవనాడు ఖాతా నుండి మరి 30 వేలు పోయినవి. అంతకంటె బాధించిన విషయం తరువాత తెలిసినది. నేను మౌనంగా ఉన్న ఆ తొమ్మిది రోజులలోనే, మా కార్యాలయంలోని మరొక సోదరుడు అదే తెరకు, అదే గొంతుకు తన సొమ్ము సమర్పించుకున్నాడు. నేను నోరు విప్పి ఉంటే ఆయన సొమ్ము నిలిచేది.

కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. ఈ మోసం రెండు కాళ్ల మీద నడుస్తున్నది. ఒకటి మన భయం, రెండవది మన మౌనం. మొదటిదానికి మన వృత్తిలోనే మందు ఉన్నది. రెండవదానికి మన సంఘంలో ఉన్నది.

రైల్వే సోదరులకు ఒక నియమం కంఠస్థమే. పట్టాల పక్కన ఎవరైనా సరే, ఏ వస్తువునైనా తీవ్రంగా ఊపితే అది ప్రమాద సంకేతమే, బండి ఆపవలసినదే. కాని ఆగిన బండి తిరిగి సాగాలంటే ఆ ఊపినవాని మాట చాలదు, అధికారయుతమైన అనుమతి ఉండాలి. కంప్యూటరు ముందు కూడా ఇదే నియమం. హెచ్చరిక కనిపిస్తే ఆగండి. ఆ హెచ్చరిక చూపిన మీట మాత్రం నొక్కకండి, అది ఇచ్చిన నెంబరుకు ఫోను చేయకండి. తన హెచ్చరికలలో ఫోను నెంబరు ఎన్నడూ ఉండదని మైక్రోసాఫ్ట్ సంస్థ స్వయంగా ప్రకటించినది. తెర మీద నెంబరు కనిపించినదంటే అదే దొంగ అని గుర్తు.

తపాలా సోదరులకు వేరొక పాఠం తెలుసు. కవరు మీద పంపినవారి పేరు ఎవరైనా రాసుకోవచ్చు. ఎక్కడ పోస్టు అయినదో తపాలా ముద్ర చెబుతుంది. వెబ్‌సైటు చిరునామా అటువంటి ముద్రే. మన శాఖల పేర్లనే దొంగలు వాడుకుంటున్నారని మరువరాదు. ఐ.ఆర్.సి.టి.సి. పేరుతో నకిలీ యాప్ తిరుగుతున్నదని 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థ హెచ్చరించినది. అడ్రసు సరిగా లేక పార్శిలు ఆగిపోయినదంటూ తపాలా శాఖ పేరిట వచ్చే సందేశాలు బూటకమని 2024లో కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం ప్రకటించినది. కౌంటరు వద్ద ప్రజలు మొదట అడిగేది మనలనే. మనకే తెలియకపోతే వారికేమి చెబుతాము?

ఇక చేయవలసిన పని. వెబ్ పేజీ చూపే హెచ్చరిక బొమ్మ మాత్రమే. ఒక పేజీ మన కంప్యూటరును పరీక్షించలేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో బ్రౌజరును ఎంచి ముగించండి. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలను రప్పించకండి. ఏదీ ఎక్కించకుండా, ఏ వివరమూ ఇవ్వకుండా ఉంటే సాధారణంగా ఇంతటితో ముప్పు తొలగినట్లే. హెచ్చరికలు మాటిమాటికీ తెర మూలన వస్తుంటే, బ్రౌజరు సెట్టింగులలో నోటిఫికేషన్ల అనుమతి పొందిన అపరిచిత సైట్లను, మనం కోరి పెట్టుకోని ఎక్స్‌టెన్షన్లను తొలగించండి.

నకిలీ ప్రోగ్రామును ఎక్కించి ఉంటే మొదటి పని ఇంటర్నెట్‌ను విడదీయడం. వేరొక ఫోను నుండి బ్యాంకుకు తెలియజేసి, పాస్‌వర్డులు మార్చండి. ఆ కంప్యూటరులో లావాదేవీలు జరపరాదు. సెట్టింగులలోని యాప్‌ల జాబితాను తేదీల వరుసలో చూసి, ఆ రోజు ఎక్కిన ప్రోగ్రాములను, ముఖ్యంగా దూరం నుండి నడిపేదానిని తీసివేయండి. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగానే ఉన్నది. అందులో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకుంటే యంత్రం తిరిగి స్టార్టయి, విండోస్ లేవకముందే తనిఖీ జరుగుతుంది. దాగిన వైరస్ మేలుకోకముందే పట్టుకోవడానికి ఇది మంచి మార్గం. ఆ తరువాత పూర్తి స్కాన్ జరపండి. అప్పటికీ నమ్మకం కుదరకపోతే, పత్రాలు, ఫోటోలు మాత్రమే వేరొక డిస్కుకు ఎక్కించి విండోస్‌ను మొదటి నుండి తిరిగి వేసుకొనడమే మేలు. కేంద్ర ప్రభుత్వం 2017లో స్థాపించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా శుభ్రపరిచే ఉపకరణాలను ఉచితంగా ఇస్తున్నది. డబ్బిచ్చి కొనవలసిన అగత్యం లేదు.

అప్‌డేట్లను వాయిదా వేయకండి. 2017 మేలో ‘వాన్నక్రై’ అనే వైరస్ సుమారు 150 దేశాలలో కంప్యూటర్లను బంధించినప్పుడు జర్మనీ రైల్వే స్టేషన్ల ప్రకటన బోర్డుల మీద కూడా సొమ్ము అడిగే తాఖీదు కనిపించినది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు దాని బారిన పడినవి. అది చొరబడిన లోపానికి మరమ్మత్తు ఆ సంవత్సరం మార్చిలోనే విడుదలయి ఉన్నది. వేసుకోనివారే నష్టపోయారు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినదని పాత యంత్రాలవారు గమనించవలెను. ముఖ్యమైన పత్రాల నకలు ఒకటి వేరొక డిస్కులో, కంప్యూటరుకు తగిలించకుండా, భద్రపరచవలెను.

డబ్బు పోతే 1930 నెంబరుకు వెంటనే ఫోను చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ జిఓవి డాట్ ఇన్ లో ఫిర్యాదు ఇవ్వండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును దారిలోనే నిలిపే అవకాశం అంత ఎక్కువ. మన పొరపాటు వలన సొమ్ము పోయినప్పటికీ, బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులరులో స్పష్టం చేసినది. అంటే మన మౌనానికి రూపాయలలో ఖరీదు ఉన్నది. నా మౌనం ఖరీదు 30 వేలు.

ఇక యాజమాన్యాల బాధ్యత. రైల్వేలో 2020 నుండి పాసు కూడా కంప్యూటరు ద్వారానే తీసుకొనవలసి వచ్చినది. 2025లో తపాలా కార్యాలయాలన్నింటిలో కొత్త సాంకేతిక వ్యవస్థ ప్రవేశించినది. పనిని కార్మికుని ఇంటి కంప్యూటరులోకి, సొంత ఫోనులోకి నెట్టినవారు రక్షణ బాధ్యతను కూడా వహించవలెను. జాగ్రత్తగా ఉండండని ఇంగ్లీషులో ఒక సర్క్యులరు అంటించి చేతులు దులుపుకొంటే చాలదు. డ్యూటీ వేళలలో, వేతనంతో, తెలుగులో శిక్షణ ఇవ్వవలెనని మనం కోరవలెను.

అయితే కోర్కె నెరవేరేవరకు చేతులు ముడుచుకొని కూర్చొనరాదు. ప్రతి బ్రాంచిలోనూ తెలిసిన యువ సభ్యులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. నెలకొక సాయంత్రం యూనియన్ కార్యాలయంలో ఒక బల్ల వేసి, సభ్యుల కంప్యూటర్లను, ఫోనులను చూసి పెట్టే ఏర్పాటు చేయండి. జీవితకాలపు గ్రాట్యుటీని ఖాతాలో ఉంచుకున్న పెన్షనర్లకు ముందు పిలుపు ఇవ్వండి. జనరల్ బాడీ సమావేశంలో పది నిమిషాలు కేటాయించి, మోసపోయినవారు లేచి చెప్పే అవకాశం ఇవ్వండి. ఎవరూ నవ్వరాదు. మా బ్రాంచిలో మొదట లేచి మాట్లాడినవాడిని నేనే. నా తరువాత మరి నలుగురు లేచారు.