చిటికెడు లెక్క

2025 వానాకాలంలో తెలంగాణలో చాలాచోట్ల రైతులు యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టారు. బస్తా దొరకడమే గండమైనచోట, చల్లిన యూరియాలో పైరుకు సగమైనా అందుతోందా అన్న ప్రశ్న వెనక్కి పోయింది. సాధారణంగా అందదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీళ్లతో దిగిపోతుంది.

మరి వేసిన ఎరువు పైరుకు పనికొచ్చేదెలా? జవాబుకు దూరం పోనక్కర్లేదు. ఇప్పటి సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో 1972లో వెలసిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, అక్కడి నల్లరేగడిలో 1976లో ఒక దీర్ఘకాల ప్రయోగం మొదలుపెట్టింది. వెడల్పు మడులు, మధ్య కాలువలు, జొన్నలో కంది, మోతాదు మేరకు నత్రజని, భాస్వరం. వాన మీదే ఆధారపడి హెక్టారుకు సగటున 5 టన్నుల దాకా గింజ వచ్చింది. పాత పద్ధతిలో సాగుచేసిన చెక్కలో టన్నుకు కాస్త ఎక్కువ, అంతే. ఆ తేడా అంతా ఎరువుదేనంటే నేనొప్పుకోను. కంది వేరుకూ, నిలిచిన తేమకూ అందులో వాటా ఉంది. ఎరువు ఎంత వేశామన్నదే కాదు, ఎక్కడ వేశామన్నదీ ముఖ్యమే: ఆఫ్రికాలోని నైజర్‌లో అదే సంస్థ సజ్జ కుదురుకు సీసా మూతతో 6 గ్రాముల ఎరువు వేయించింది. మన మెట్ట పొలాల్లోనేమో చాలాచోట్ల గంధకం, జింకు, బోరాన్ తక్కువ. ఎన్ని బస్తాల యూరియా పోసినా ఆ లోటు తీరదు.

ఇంకో మాట. అదే పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగు వెంట పొలాలను పాడుచేశాయి. ఆ నేలకు ఎరువుల సలహా చెప్పడం ఎగతాళే. అక్కడ ముందు విషం ఆగాలి.

మిగతావాళ్లు వేసవిలో, చేను ఖాళీగా ఉన్నప్పుడే మట్టి నమూనా తీయించండి. పద్ధతి లోపలి పేజీల్లో ఉంది.