నలుగురం కలిసి ఇల్లు కొంటే, కిరాయికి ఎవరికిస్తాం?

ఉద్యోగాల్లో కుదురుకున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడుగుతున్నారు: "అన్నా, నలుగురం డబ్బులు పోగేసి ఉప్పల్ వైపు ఇల్లు కొని కిరాయిలకిస్తే తప్పా?" తప్పు కాదు, కొనండి. కానీ రెండు సంగతులు తేల్చుకుని కొనండి.

మొదటిది కాగితం. "మనలో మనకేంది, అన్న పేరు మీదే రిజిస్ట్రేషన్ చేయిద్దాం" అనే దగ్గరే మనోళ్ళ సొమ్ము మునుగుతుంది. డబ్బు మీది, పేరు అన్నది అయితే, రేపు "ఆ ఇంట్లో నాకూ వాటా ఉంది" అని దావా వేయబోతే 1988 నాటి బినామీ చట్టం అడ్డం రావచ్చు. అందరి పేర్లూ దస్తావేజులో ఉండాలి. ఎవరెంత పెట్టారో కూడా రాయాలి. ఆ లెక్కకు రుజువు లేకపోతే 1882 ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ కింద అందరివీ సమాన వాటాలే అనుకుంటారు. పది లక్షలు పెట్టినామె, రెండు లక్షలు పెట్టినాయన ఒకటే అవుతారు. మధ్యలో తప్పుకునేవాళ్ళు తమ వాటాను ముందు ఎవరికి అమ్మాలో కూడా అప్పుడే రాసుకోండి.

రెండోది ఇంకా పెద్దది. టు-లెట్ బోర్డు చూసి వెళ్తే "మీరేమిట్లు?" అని అడిగించుకోనోళ్ళు మనలో ఎంతమంది? రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులను పేరు పెట్టి చెప్పింది. కిరాయి ఇంటి పేరు అందులో లేదు. 1917లో బరోడాలో పార్శీ సత్రంలో దిగిన అంబేద్కర్‌ను కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. 2005లో గుజరాత్ పార్శీల హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం తమవాళ్ళకే ఉంచుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే, కలిసి కొనడంతోనే గేటు తెరుచుకోదు. కలిసి మూసుకోవడానికీ చట్టంలో చోటుంది.

మనమూ ఓనర్లం కాగానే అదే గేటు కట్టే ప్రమాదం ఉంది. "హాస్టల్ పిల్లలు గోల చేస్తారు", "సాయిబులు వద్దు", "ఒంటరి ఆడమనిషికి ఇవ్వం" అనే మాటలు మన బస్తీల్లోనూ వింటున్నాను. మాల ఓనర్ మాదిగ కుటుంబాన్ని, మాదిగ ఓనర్ డక్కలోళ్ళను పక్కన పెడితే దాన్ని ఏమనాలి?

అందుకే భాగస్వాముల ఒప్పందంలో మొదటి షరతు ఇదిగా పెట్టండి: కిరాయికి వచ్చినవాళ్ళ కులం, మతం, తిండి అడగం. ఒక పోర్షన్ విద్యార్థులకు ఉంచుతాం. కిరాయి న్యాయంగా తీసుకోండి, లాభం వస్తే పంచుకోండి. ఆ షరతుకు సంతకం పెట్టనోళ్ళతో మాత్రం డబ్బు కలపొద్దు.

వచ్చే భాగంలో అసైన్డ్ భూముల ప్లాట్ల సంగతి మాట్లాడుకుందాం.

జై భీమ్.