జిప్సం బోర్డుకి మనిషి తలే స్టాండా?

మన సాఫ్ట్‌వేరు జనాభాలో ఒక మాట బాగా చెలామణిలో ఉంది. "ఏడొందలు పడేస్తే హెల్పరొస్తాడు కదా, దానికింత తంటా ఎందుకు?" మొన్న భోజనాల దగ్గర మా టీములో ఒకాయన అచ్చంగా ఇదే అన్నాడు. ఆయనొక్కడినీ అని లాభం లేదులెండి, ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలూపారు. ఇంతకీ నేను చూపించింది ఒక ఫొటో. ఒక్క మనిషే, ఎవరి సాయమూ లేకుండా, ఇంటి కప్పుకి జిప్సం బోర్డులు బిగించుకోవడానికి మా బాబాయి తయారుచేసుకున్న లిఫ్టు. "రిటైరయ్యాక పొద్దుపోవాలిగా" అని తీర్పు కూడా ఇచ్చేశారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటే ఇది.

ఫాల్స్ సీలింగు వేసేటప్పుడు మనలో చాలామంది ఏసీ గదిలో మీటింగులో ఉంటాం కాబట్టి, ఆ పనెలా జరుగుతుందో కాస్త చెప్పాలి. రాజమండ్రిలో అపార్టుమెంటైనా, రావులపాలెంలో డాబా అయినా పద్ధతి ఒకటే. పైన జీఐ చానెళ్ళతో చట్రం కడతారు. బోర్డు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 12.5 మిల్లీమీటర్ల మందం. బరువు 20 కిలోల దాకా ఉంటుంది. పరంజా మీదికి ఇద్దరెక్కుతారు. ఒకతను బోర్డుని నెత్తిమీద పెట్టుకుని, రెండు చేతులూ చాపి, మెడ బిగబట్టి నిలబడతాడు. రెండో అతను మరలు బిగిస్తాడు. చానెళ్ళు అడుగున్నరకొకటి, మరలు 9 అంగుళాలకొకటి చొప్పున చూస్తే బోర్డుకి 30 దాకా మరలు. అన్నీ పడేదాకా మొయ్యక్కర్లేదు, నిజమే. కానీ మధ్యలోవీ మూలలవీ కలిపి ఓ ఏడెనిమిది పడేదాకా ఆ తల కదలకూడదు. 20 అడుగులకి 12 అడుగుల గదికి ఇలాంటివి 10 బోర్డులు. ఇంటికెన్ని గదులో, అతనికి నెలకెన్ని ఇళ్ళో మీరే లెక్కేసుకోండి. లెక్కలు మనకొచ్చుగా.

ఇప్పుడు మన మెడ సంగతికొద్దాం. 2020లో అందరం ఇళ్ళకి చేరి పని మొదలుపెట్టినప్పుడు ఏం జరిగింది? వీపుకి ఆసరా ఇచ్చే కుర్చీలు కొనుక్కోమని చాలా కంపెనీలు డబ్బులిచ్చాయి. మానిటరు కళ్ళ ఎత్తులో లేకపోతే మెడపూసలు అరిగిపోతాయని హెచ్చార్ వాళ్ళు గంటగంటల వెబినార్లు పెట్టారు. తల కాస్త ముందుకి వంచితేనే మెడకింత ప్రమాదమని నమ్మేవాళ్ళం, అదే తలమీద 20 కిలోలు పెట్టి పైకి తొయ్యమంటే "వాళ్ళకి అలవాటేలే" అంటాం. అలవాటు ఎముకలకి ఉండదండీ.

బాబాయి లిఫ్టు పుట్టిందీ ఆ యేడాదే. మేడ మీద సిమెంటు రేకుల గది, మే నెల ఎండ, లోపల లాప్‌టాపూ నేనూ కలిసి ఉడుకుతున్నాం. మా వైపు ఈ పనిచేసే కుర్రాళ్ళలో ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ, లాక్‌డౌన్‌లో వాళ్ళు సొంతూళ్ళకి వెళ్ళిపోయారు. పాపం, ఎలా వెళ్ళారో దేశమంతా చూసింది. బాబాయి రెండంగుళాల చదరపు ఇనుప గొట్టం ఒకటి తెచ్చాడు. అందులోకి జారేలా అంగుళంన్నర గొట్టం. అడుగున బారుగా చాపిన మూడు కాళ్ళు, వాటికి చక్రాలు. చేత్తో తిప్పే వించి ఒకటి. వించి నుంచి బయలుదేరిన ఇనుప వైరు బయటి గొట్టం తలమీదున్న గిలక మీదుగా లోపలికి దిగి, లోపలి గొట్టం అడుగుని పట్టుకుంటుంది. పిడి తిప్పితే లోపలి గొట్టం పైకి లేస్తుంది. దాని కొనమీద మంచంకోడులా ఒక చట్రం, ఏటవాలుగా వంచొచ్చు. నడుమెత్తులో వంచి, బోర్డుని గోడకి చేరేసినట్టు దాని మీద చేరేసి, తిన్నగా చేసి, పైకి తిప్పేసుకోవడమే. రేకులకి ఒక్క కన్నం కూడా పెట్టలేదు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. చట్రమంతా ఇనుప దూలాలకే వేలాడదీశాడు.

ఇందులో రాకెట్ సైన్సేమీ లేదు, తొమ్మిదో తరగతి పాఠమే. మామూలుగా నూతి మీద గిలక బరువు తగ్గించదు, లాగే దిక్కు మాత్రమే మారుస్తుంది (మెకానికల్ చదివి జావా రాస్తున్న ఇద్దరు మిత్రులు సగం తగ్గిస్తుందని నాతో పందెం కాశారు!). బరువు తగ్గించేది వించి. దాని డోలు వ్యాసార్ధం అంగుళం, పిడి పొడవు 8 అంగుళాలు. బోర్డూ చట్రమూ కలిపి 30 కిలోలనుకుంటే, రాపిడి కూడా కలుపుకుని చేతికి తగిలేది 5 కిలోల లోపు. నీళ్ళ బిందె అంతకన్నా బరువు.

దయచేసి దీన్ని "జుగాడ్" అనకండి. ఆ మాట వింటేనే నాకు చిరాకు. జుగాడ్ అంటే "పడకపోతే చాలు" అనుకోవడం. బాబాయి మొదట 25 కిలోల బియ్యం బస్తాలు రెండు కట్టి, పైకెత్తి, రాత్రంతా వదిలేశాడు. పొద్దున్నే టేపు పెట్టి ఎంత జారిందో కొలిచాడు. వించికి వెనక్కి తిరగకుండా పట్టే పళ్ళచక్రం ఉన్నా సరే, గొట్టాలకి అడ్డంగా ఇనుప మేకు వేసేదాకా కిందకి వెళ్ళేవాడు కాదు. మన ప్రొడక్షన్ రిలీజుల్లో ఇంత టెస్టింగు ఎప్పుడు చూశారో చెప్పండి :)

"మరి హెల్పరు ఉపాధి పోదా?" అని అడిగేవాళ్ళకి: స్లాబు వేసే రోజున ఒకప్పుడు నిచ్చెన పొడుగునా ఆడామగా వరసకట్టి సిమెంటు తట్టలు అందించుకునేవాళ్ళు. ఇప్పుడు లిఫ్టున్న మిల్లరొచ్చింది. తట్టలు మోసే పని మళ్ళీ కావాలని ధర్నా చేసినవాళ్ళెవరూ నాకు కనపడలేదు. పైగా ఆ మిల్లరు కూడా జాలిపడి వచ్చింది కాదు, మనుషులు దొరక్క వచ్చింది. కూలి చవగ్గా దొరికినన్నాళ్ళూ మనకి పనిముట్టు అక్కర్లేదు. అదీ అసలు జబ్బు. బోర్డు కింద పదేళ్ళు నిలబడ్డవాడు మర బిగించడం ఎప్పుడు నేర్చుకుంటాడు? అతని చేతులు ఖాళీగా ఉంటేగా! బోర్డుని లిఫ్టు పట్టుకుంటే ఇద్దరూ చెరోవైపు బిగించొచ్చు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. జనం దండిగా ఉన్నారు కదా, భుజాలతో ఎత్తేద్దాం అని అక్కడెవరూ అనలేదే?

తమాషా ఏంటంటే, ఇదే మనవాడు డల్లాస్ వెళ్ళగానే మారిపోతాడు. అక్కడ కూలి ఖరీదు కదా! యూట్యూబు చూసి, దుకాణంలో డ్రైవాల్ లిఫ్టు రోజు అద్దెకి తెచ్చుకుని, గరాజు సీలింగు సొంతంగా వేసుకుని ఫేస్‌బుక్కులో ఫొటో పెడతాడు. మనం లైకులు కొడతాం. అదే పని అమలాపురం దగ్గర ఒక పెద్దాయన చేస్తే పొద్దుపోకా?

మేస్త్రీలని కూడా ఊరికే తిట్టను. బండి మీద తిరిగే చిన్న మేస్త్రీ 40 కిలోల లిఫ్టుని రెండో అంతస్తుకి ఎలా మోస్తాడు, ఎక్కడ దాచుకుంటాడు? కొనమనడం అన్యాయం. కానీ సెంట్రింగు రేకులు, మిల్లరు, వైబ్రేటరు అద్దెకిచ్చే కొట్లు మన ఊళ్ళలో ఎన్ని లేవు? ఇదీ అక్కడే ఉండాలి. బాబాయికి అంతా కలిపి అయిన ఖర్చు 6,000 లోపు. మూడు ముక్కలుగా విడుతుంది, ఆటోలో పడుతుంది. ఇల్లు కట్టించేది మనం, డబ్బిచ్చేది మనం. టైల్సు రంగు గురించి గంటన్నర వాట్సాప్‌లో కొట్టుకునేవాళ్ళం, "బోర్డులు దేంతో ఎత్తుతారు?" అని ఒక్క ముక్క అడిగి, ఆ అద్దె మన లెక్కలో వేసుకోలేమా?

బాబాయి తన లిఫ్టుని కిందటేడు ఊళ్ళో సెంట్రింగు సామాను కొట్లో పెట్టాడు. మొదటి రెండు నెలలూ దాని మీద ఎవరో బట్టలారేసుకున్నారట. ఇప్పుడు ఇద్దరు మేస్త్రీలు తీసుకెళ్తున్నారు. రోజుకి 200.