మతిమరుపు పత్రికలు

తెలుగు పత్రికల కష్టాల మీద ఎక్కడ చర్చ జరిగినా ముద్దాయిలు మాత్రం ముందే ఖరారై ఉంటారు: ఫోను, వాట్సాప్, చదవడం మానేసిన కుర్రాళ్లు. ఈ కేసు నిలవదని నా అభిప్రాయం. మా వయసువాళ్లం పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏదో ఒకటి తెలుగులో చదువుతూనే ఉన్నాం, కాకపోతే తెర మీద. చదివేవాడు తెర ముందే కూర్చుని ఉంటే పత్రిక అక్కడికి సరిగ్గా ఎందుకు చేరలేకపోయింది? కోడ్ రాసుకుని బతికేవాడిగా నాకు కనిపించే కారణం ఒకటే. తమ దగ్గర ఉన్న అసలైన సరుకేమిటో మన పత్రికలకు తెలియలేదు. ఆ సరుకు ఊళ్ల జ్ఞాపకం.

ఈ మాట చెప్పడానికి కృష్ణా డెల్టా కంటే మంచి చోటు లేదు. 1902లో బందరులో కృష్ణాపత్రిక పుట్టింది. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి, 1981లో ప్రజాశక్తి దినపత్రిక విజయవాడలో మొదలయ్యాయి. 1989లో ఈనాడు జిల్లా పేపర్లు తెచ్చింది, తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. కాలువకు నీళ్లెప్పుడు వదులుతారు, శివారు పొలాలకు అందాయా లేదా, ఏ లాకు పాడైంది, మండలాఫీసులో ఎవరి అర్జీ ఎన్నాళ్లుగా మూలుగుతోంది లాంటివన్నీ అచ్చులోకి వచ్చాయి. ఢిల్లీ చానెల్‌కీ అమెరికా కంపెనీకీ ఈ సరుకు దొరకదు.

మరి అదంతా ఇప్పుడు ఎక్కడుంది?

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేసింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2005 సెప్టెంబరులోనూ బుడమేరు ఊళ్లోకి వచ్చింది. అప్పుడు ఏ వీధిలో ఎంత లోతు నీళ్లు నిలిచాయి, గట్టు ఎక్కడ తెగింది, అధికారులు ఏమేం హామీలిచ్చారు? 2024 వరద తగ్గాక ఇవన్నీ తెలుగులో వెతికాను. నాకు దొరికినవి కొద్దిపాటి ఇంగ్లీషు వార్తలు. అప్పట్లో మన విలేకరులు మోకాలి లోతు నీళ్లలో తిరిగి రాయకుండా ఉన్నారా? రాసే ఉంటారు. సింగ్‌నగర్‌లో ఇల్లు కొనేవాడు, అద్దెకు దిగేవాడు తప్పకుండా చూసుకోవాల్సిన సమాచారం అది. అచ్చయింది, కానీ ఈ రోజు అతని చేతికి అందదు.

ఎందుకు అందదో చెప్పడం కష్టం కాదు. 1991లోనే యూనికోడ్ తొలి వెర్షన్‌లో తెలుగుకి చోటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా ఆ తర్వాత కూడా ఈనాడు, వార్త లాంటి పత్రికల సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లతోనే నడిచాయి. పైకి ‘వరద’ అని కనిపించేది, లోపల మాత్రం కంప్యూటర్‌కి తెలిసింది అర్థంలేని అక్షరాల గుత్తి. సెర్చ్ ఇంజన్ దాన్ని తెలుగుగా గుర్తుపట్టలేదు. ఆ పేజీల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించే ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపుని తయారుచేసింది ఏ పత్రికా కాదు, ఒక ఔత్సాహికుడు. పత్రికలు చెయ్యాల్సిన పని పాఠకుడు చేసుకున్నాడన్నమాట.

ఆ తర్వాతైనా మారామా? చాలా ఈ-పేపర్లు ఇప్పటికీ పేజీకి తీసిన బొమ్మలే. బొమ్మలో వెతకడం కుదరదు. సైట్ తెరిస్తే సినిమా కబుర్లు, ‘చివరికి ఏం జరిగిందంటే’ తరహా శీర్షికలు. ఆ కబుర్లు యూట్యూబ్‌లో ఉచితంగా, ఇంకా మసాలాతో దొరుకుతాయి. వాటి కోసం పేపర్ దాకా ఎవరొస్తారు? నాగాయలంక వార్త కోసం వచ్చేవాళ్లున్నారు, కానీ అది జిల్లా పేజీ బొమ్మలో ఒక మూల ఇరుక్కుని ఉంది.

డబ్బెక్కడిది అంటారు. న్యాయమైన ప్రశ్నే. పేపర్ వెలతో కాగితం ఖర్చు కూడా రాదు. ఇన్నాళ్లూ మోసింది ప్రకటనలు, అవి గూగుల్, ఫేస్‌బుక్‌ల వైపు వెళ్లిపోయాయి. కోవిడ్ దెబ్బకు పేజీలు తగ్గాయి, చతుర, విపుల లాంటివి ఆగిపోయాయి. ఇదంతా నిజమే. కానీ ప్రకటనలు పోయినప్పుడు అమ్ముకోవడానికి మిగిలేది ఇంకెవరి దగ్గరా లేనిదే కదా? న్యూయార్క్ టైమ్స్ 2011లో వెబ్ పాఠకుల దగ్గర చందా తీసుకోవడం మొదలుపెట్టింది. 1851 నుంచి ఉన్న తన పాత సంచికల్ని కూడా ఆ చందాదారుల ముందు పెట్టింది. మన మార్కెట్ అంత పెద్దది కాదు, ఒప్పుకుంటాను. అయితే పాత వార్త కూడా సరుకేనని గుర్తించడానికి పెద్ద మార్కెట్ అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఊళ్ల జ్ఞాపకాన్ని మోసేది మండల కంట్రిబ్యూటర్. ‘లైన్ అకౌంట్’ పేరుతో రాసిన వరుసల్ని లెక్కగట్టి అతనికిచ్చేది నామమాత్రం, పైగా ప్రకటనలు తెచ్చే బాధ్యతా చాలాచోట్ల అతని నెత్తిమీదే. ఏ సర్పంచి మీద రాయాలో ఆ సర్పంచినే ప్రకటన అడగాలి. ఇలా నడిపిస్తూ పాఠకుడికి నమ్మకం పోయిందని వగచడమెందుకు?

చెయ్యాల్సినవి అందనంత ఎత్తులో ఏమీ లేవు. ప్రతి మండల వార్తకీ ఊరి పేరు, తేదీ, చెదిరిపోని లింకు ఉండాలి. పాత ఫాంట్లలో మిగిలిన ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చాలి. ఔత్సాహికులు ఎప్పుడో చేసి చూపించిన పనే ఇది. ఆంధ్రపత్రిక పాత సంచికల్ని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టగలిగింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సంచికల్ని వాటి యజమానులు ఎందుకు పెట్టలేరు? వీటికి చందా పెట్టండి. అందులోంచి కంట్రిబ్యూటర్‌కి జీతమివ్వండి.

బుడమేరు ఇంకోసారి పొంగకుండా ఉండదు. పోయినసారి నీళ్లు మా వీధిలో ఎక్కడిదాకా వచ్చాయని ఆ రోజు ఎవరో ఒకరు ఫోన్ తీసి అడుగుతారు. దానికి జవాబు చెప్పే పత్రికకి నేను నెలనెలా డబ్బు కడతాను. చెప్పలేని పత్రికని మాత్రం యువత చదవట్లేదని మమ్మల్ని తిట్టొద్దు.